దస్ మినిట్ బాబు

పోయిన నెల మా ఆఫీసులో ఒక సభ జరిగింది. సభంటే పెద్ద హంగామా ఏం కాదు. క్యాంటీన్ బల్లలు పక్కకి జరిపి, కుర్చీలు వేసి, గోడకి ఒక తెర కట్టారు. పని ఒత్తిడిని తట్టుకోవడం ఎలా అన్న విషయం మీద కొత్తగా చేరిన హెచ్‌ఆర్ అమ్మాయి బొమ్మలు చూపిస్తూ మాట్లాడింది. రెండు గంటలకోసారి కుర్చీ వదలండి, ఆరుబయట పది నిమిషాలు నిలబడండి, చెట్టునో ఆకాశాన్నో చూడండి, ఫోను వెంట తీసుకెళ్ళకండి, అంతే, రోజూ ఇంత చిన్న పని చేస్తే చాలు అని చెప్పింది. చివర్లో, "సర్ సబ్‌సే సీనియర్ హై, దో శబ్ద్ బోలేంగే" అంటూ నన్ను లేపింది.

లేచాను. రెండు మాటలు చెప్పమంటే పావుగంట మాట్లాడాను. రైలు పట్టాల మీద పనిచేసే గ్యాంగ్ గురించి చెప్పాను. రైలొస్తున్నట్టు ఈల వినపడగానే వాళ్ళు గడ్డపారలు పుచ్చుకుని పక్కకి దిగిపోతారు, రైలు వెళ్ళిపోయాక మళ్ళీ ఎక్కి, ఆపినచోటే పని అందుకుంటారు, దాన్ని పని ఎగ్గొట్టడం అని ఎవరూ అనరు, మనమూ అలా దిగడం నేర్చుకోవాలి అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయైతే, "సర్, యే ఆప్ కా ఖుద్ కా హై?" అని అడిగింది, ఇది మీ సొంత ఆలోచనేనా అని. నేను నవ్వి ఊరుకున్నాను.

నవ్వి ఊరుకోవడంలో నాకు మంచి అనుభవమే ఉంది. ఆ మాట నాది కాదు. ఎవరిదో, ఆ మనిషిని నేనేం చేశానో తెలిసినవాళ్ళు ఈ కంపెనీలో ఒక్కరూ లేరు కాబట్టి అంత ధైర్యంగా చెప్పగలిగాను. సాయంత్రం దేవేంద్ర నగర్‌లో ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కెలికి లేచిపోయాను. ఏమైందని మా ఆవిడ అడిగితే ఎసిడిటీ అన్నాను. నిజం చెప్పాల్సిన చోట ఇంకేదో చెప్పడం నాకు ఆఫీసుతో మొదలై ఇంటిదాకా వచ్చింది. అందుకని ఇక్కడైనా రాస్తున్నాను.

ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు నా పాత ఆఫీసులో తక్కువ. హాజరు పట్టీలో ఒక పేరుండేది గానీ అందరికీ ఆయన దస్ మినిట్ బాబు. పొద్దున్న పదకొండింటికి ఒకసారి, మధ్యాహ్నం నాలుగింటికి ఒకసారి, బల్ల మీద పని ఎంత మండిపోతున్నా సరే లేచి, "దస్ మినిట్" అని గాల్లోకి ఒక మాట వదిలి బయటికి వెళ్ళిపోయేవారు. సరిగ్గా పది నిమిషాలకి వచ్చి కూర్చునేవారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆయన్ని చూసి తన గడియారం సరిచేసుకుంటాడని వేళాకోళం చేసేవారు.

ఛత్తీస్‌గఢ్ కొత్త రాష్ట్రమైన నాలుగైదేళ్ళకి నేను అక్కడ చేరాను. రాయపూర్ శివార్లలో, ధర్సీవా వైపు ఒక చిన్న రోలింగ్ మిల్లు. ఇళ్ళు కట్టడానికి వాడే ఇనుప కడ్డీలు చేసేవారు. మాది డిస్పాచ్ సెక్షన్. ఖాళీ లారీ లోపలికొచ్చి, కాటా ఎక్కి తూకం వేయించుకుని, సరుకు నింపుకుని, మళ్ళీ కాటా ఎక్కి, గేటు దాటేదాకా ప్రతి కాగితం మా బల్లల మీంచే పోవాలి. ఒక చెవిలో దుర్గ్ వ్యాపారి, ఇంకో చెవిలో ట్రాన్స్‌పోర్టు వాడు, కిటికీ నిండా డ్రైవర్ల తలకాయలు. అందరిదీ ఒకటే ప్రశ్న, నా లారీ ఎప్పుడు వదులుతావని. చేరిన మూడో వారానికే పొద్దున్న తిన్న అటుకుల పోహా కడుపులో నిలిచేది కాదు. కలం పట్టుకుంటే వేళ్ళు వణికేవి. ఇరవై ఆరేళ్ళ కుర్రాణ్ణి, ఎవరికైనా చెప్పుకుందామంటే నామోషీ.

ఒకరోజు రెండు లారీల కాగితాలు తారుమారు చేశాను. భిలాయి వెళ్ళాల్సిన లారీకి బిలాస్‌పూర్ కాగితాలిచ్చాను, దానివి దీనికిచ్చాను. ఇద్దరు డ్రైవర్లూ కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి మరీ తిడుతున్నారు. నాకు చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడటం లేదు. అప్పుడు పక్క బల్ల దగ్గర్నుంచి ఆయన లేచారు. కళ్ళజోడు తీసి తన కాగితాల మీద పెట్టారు.

"లెగు బాబూ," అన్నారు తెలుగులో. 

ఆయన తెలుగువారని చేరిన రోజే తెలుసు. ఆ గదిలో తెలుగు మాట వినడం మాత్రం అదే మొదటిసారి.

"కాగితాలు మార్చాలి కదండీ," అన్నాను.

"మారుద్దాం. ఇప్పుడే మారిస్తే మూడో లారీది కూడా ఇందులో కలిపేస్తావు. నీ సేతులు ఓపాలి సూసుకో."

చూసుకున్నాను. ఆయన వెంట బయటికి నడిచాను.

గేటు పక్కన ప్రహరీ వెంబడి ఒక కానుగ చెట్టు ఉండేది. చుట్టుపక్కల చిమ్నీల పొగకి దాని ఆకులన్నీ నల్లటి నుసి పట్టి ఉండేవి. ఆయన జేబురుమాలు తీసి, చేతికందిన కొమ్మలో ఒక ఆకుని రెండువైపులా తీరిగ్గా తుడిచారు. ఆ ఒక్కటీ పచ్చగా బయటపడింది.

"రోజుకొక్కటే," అన్నారు. "రెండోది తుడిస్తే డ్యూటీ అయిపోద్ది."

తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని ఊరికే నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. లోపల మా బల్ల మీద ఫోను మోగుతూనే ఉంది. నేను అటు తిరిగితే, "మోగనీ. దానికి కాళ్ళు నేవు, మన ఎనకాల రానేదు" అన్నారు. మొదటి అయిదు నిమిషాలు నాకు ముళ్ళ మీద ఉన్నట్టే ఉంది. ఆ తర్వాత ఎప్పుడు ఆగిందో తెలీదు, నా వేళ్ళ వణుకు ఆగిపోయింది. లోపలికెళ్ళి ఇద్దరం కాగితాలు సరిచేశాం. డ్రైవర్లు తిట్టుకుంటూనే వెళ్ళారు. కొంపలేమీ మునగలేదు.

ఆ రోజు నుంచి నాలుగేళ్ళు ఆయనతో పాటు బయటికి వెళ్ళాను. మాది రైల్వే కుటుంబం, విజయనగరం వైపు నుంచి మా తాత కాలంలో వచ్చాం. వాళ్ళది బొబ్బిలి దగ్గర పల్లె. ఇద్దరం రైల్వే కాలనీ పక్కనే ఉండేవాళ్ళం కాబట్టి సాయంత్రం నా స్కూటరు వెనక కూర్చుని వచ్చేవారు. వారం తిరిగేసరికి ఆయన్ని బాబాయ్ అనడం మొదలుపెట్టాను.

పొట్టి మనిషి. పొట్టి చేతుల చొక్కా. కళ్ళజోడు అద్దాలు సీసా అడుగంత మందం. బయటికి వెళ్ళేముందు దాన్ని బల్ల మీద కాగితాల మీదే పెట్టేవారు, ఎందుకని అడిగితే, "కాగితాలు సూడ్డానికి అవున్నాయి గదా, నానెందుకు మద్దిలో" అనేవారు. కళ్ళజోడు లేకపోతే ఆయనకి దూరంగా ఉన్నవన్నీ అలుక్కుపోయి కనపడేవి. అదే హాయి అనేవారు. లారీ నంబరు కనపడదు, లారీ మాత్రమే కనపడుతుంది.

రాయపూర్ ఎండలు తెలిసినవాళ్ళకి మే నెలలో నాలుగింటికి బయట నిలబడడం అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. ఆ వడగాలిలో కూడా తడి గమ్ఛా తువ్వాలు తలకి చుట్టుకుని, ఇక్కడివాళ్ళలాగే వడదెబ్బ తగలకుండా జేబులో ఒక ఉల్లిపాయ వేసుకుని వెళ్ళేవారు. వానాకాలం కాటా గది రేకుల కింద నిలబడేవారు. చలికాలం చెప్పులు విడిచి ఎండ పడినచోట మట్టి మీద కాళ్ళు ఆనించేవారు. మా సెక్షన్‌లో మిగతావాళ్ళు కూడా రోజుకి పదిసార్లు బయటికి వెళ్ళేవారు, టీకి, పాన్‌కి, గుట్కాకి. ఆయన ఏదీ ముట్టేవారు కాదు.

"టీ తాగడానికెల్తే గ్లాసు కాళీ అయ్యేదాకా అదో పని," అనేవారు. "సిగిరెట్టూ అంతే. ఏ పనీ నేకుండా నిలబడ్డం రావాల బాబూ. మొదట్లో శానా కష్టం. నాకు ఆర్నెల్లు పట్టింది."

గ్యాంగ్ సంగతి నాకు చెప్పింది ఒక వాన రోజున, ఆ రేకుల కిందే. నేనే అడిగాను, ఈ అలవాటు ఎలా అయింది బాబాయ్ అని.

"ఇక్కడికి రాకముందు ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సేసీవోణ్ణి. ఓ రోజు ఫోన్‌లో ఎవుడో తిడతన్నాడు. రిసీవర్ అలాగే బల్ల మీద ఎట్టీసి బయటికొచ్చీసేను. సెప్పులు కూడా ఏసుకోనేదు. మూడోనాటికి ఎక్కడో ఒరిస్సాలో టిట్లాఘర్ స్టేషన్‌లో బెంచీ మీదున్నాను. మద్దిలో ఏటి తిన్నానో, ఎక్కడ తొంగున్నానో ఇప్పటికీ తెల్దు. మీ పిన్ని నా ఫోటో అట్టుకోని స్టేషన్ స్టేషన్‌కీ దిగి ఎతుక్కుంది."

"మరి పిన్ని ఏమంది?"

"తిట్టనేదు. ఏడవనేదు. పక్కన కూకోని ఆళ్ళ నాన్న సంగతెత్తి ఒకటే మాటడిగింది. మా నాన్న గ్యాంగ్‌మన్ గదా, రైలొస్తే పట్టా దిగీవోడు, ఎల్లిపోతే ఎక్కీవోడు, ముప్పై ఏళ్ళు అలాగే సేసేడు, నువ్వెందుకు దిగవు అంది. అక్కడే నా సెయ్యి దాని నెత్తి మీద ఎట్టించుకోని ఒట్టేయించింది. రోజుకి రెండు పాల్లు దిగుతానని."

"ఎప్పుడైనా కుదరకపోతే?"

"కుదరకపోతే టిట్లాఘరే," అన్నారు నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆయన ఈ సంగతి ఆఫీసులో ఇంకెవరికీ చెప్పలేదు. ఎవరితో అనొద్దని నాతో అననూ లేదు. అనాల్సిన అవసరం ఉందని ఆయనకి తోచలేదు.

నాలుగేళ్ళు గడిచేసరికి నేను మనిషినయ్యాను. పొద్దున్న వాంతులు పోయాయి. ఎంతటి రద్దీలోనైనా కాగితం తప్పు పోయేది కాదు. సెక్షన్ ఇంచార్జి పదవి ఖాళీ అయితే ముందు ఆయన్నే అడిగారు. "ఆ కుర్చీలో కూకుంటే దిగనివ్వరు" అని నాతో అని, వద్దనేశారు. నా పేరు చెప్పింది కూడా ఆయనే. నాకు ఆర్డరొచ్చిన రోజు పెద్ద పొట్లం నిండా జలేబీ తెచ్చి సెక్షన్ మొత్తానికీ పంచారు. "హమారా బచ్చా హై" అని, మా వాడు అని, ఒక్కొక్కరికీ చెప్పుకున్నారు. ఆ మాట ఆయన నోట విన్నప్పుడు నాకు సంతోషం వెయ్యలేదు. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూశాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊరి బళ్ళో చదివి, ఛత్తీస్‌గఢీలో తిట్లు కూడా వచ్చినా సరే, మమ్మల్ని మద్రాసీలు అనే పిలుస్తారు. అందులో పెద్ద ద్వేషం ఏం ఉండదు, అలవాటు. కానీ ఇద్దరు తెలుగువాళ్ళు నలుగురిలో తెలుగు మాట్లాడుకుంటే ఏదో గూడుపుఠాణీ అన్నట్టు చూస్తారు. ఒకడు పై కుర్చీలోకి వెళితే, ఇక తనవాళ్ళకే అన్నీ చేసిపెడతాడని లెక్క వేస్తారు. అందుకని మాలో పై కుర్చీ దొరికినవాడు చేసే తెలివితక్కువ పని ఒకటుంది. పరాయివాడి దగ్గర మామూలుగా ఉంటాడు, సొంతవాడి దగ్గర మరీ కటువుగా ఉంటాడు. నిష్పక్షపాతం అని దానికో పేరు పెట్టుకుంటాడు. నేను సరిగ్గా ఆ పనే చేశాను.

మొదట ఆఫీసులో తెలుగు మానేశాను. ఆయన తెలుగులో ఏదైనా అడిగితే హిందీలో జవాబిచ్చేవాణ్ణి. బాబాయ్ పోయి బాబూజీ వచ్చింది. రెండు నెలలకి స్కూటరు మీద తీసుకురావడం కూడా ఆపేశాను, నాకు ఆలస్యం అవుతుంది, మీరు స్టాఫ్ బస్సులో వెళ్ళండి అని. ఆయన స్టాఫ్ బస్సులో వెళ్ళడం మొదలుపెట్టారు. పదకొండింటికి మాత్రం నా బల్ల వైపు చూసి, వస్తావా అన్నట్టు తల ఎగరేసేవారు. నేను ఫోను చెవికి ఆనించి ఉండేవాణ్ణి. కొన్నిసార్లు ఆ ఫోనులో అవతల ఎవరూ ఉండేవారు కాదు.

ఆ ఏడాది కొత్త మేనేజరు వచ్చాడు. మొదటి వారంలోనే కిటికీలోంచి ఆయన్ని చెట్టు దగ్గర చూశాడు. ఎవరా మనిషి, ఆకులు తుడుస్తున్నాడేమిటి అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా సెక్షన్‌లో ఒకడు నవ్వుతూ, "సాహబ్ కే గాఁవ్ వాలే హై, ఉన్‌కో కౌన్ బోలేగా" అన్నాడు. మా ఇంచార్జి గారి ఊరివాడు, ఆయన్ని ఎవరంటారు అని. వేళాకోళమే. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నాకు మొహం మంట పెట్టినట్టయింది.

మేనేజరు నన్ను గదిలోకి పిలిచాడు. "మై కిసీ ఏక్ కో నహీ బోల్ రహా. బస్, రికార్డ్ రఖియే" అన్నాడు. ఏ ఒక్కరి గురించో అనడం లేదు, ఎవరు ఎప్పుడు బయటికి వెళ్తున్నారో రాసిపెట్టండి చాలు అని.

ఒక రిజిస్టరు తెరిచాను. పేరు, వెళ్ళిన వేళ, వచ్చిన వేళ, కారణం, నాలుగు గళ్ళు. టీకి వెళ్ళినవాడికి కారణం ఉంది, పాన్‌కి వెళ్ళినవాడికీ ఉంది, వాళ్ళవి రాయడం దండగ అనుకున్నాను. నెల రోజులకి చూస్తే ఆ రిజిస్టరు నిండా ఒకటే పేరు. నాలుగో గడిలో ప్రతి వరసలోనూ అడ్డంగా ఒక గీత. ఆ గీతలన్నీ నేనే గీశాను, స్కేలు పెట్టి మరీ గీశాను.

మేనేజరు రిజిస్టరు చూసి మెమో ఇమ్మన్నాడు. ఆ గదిలో మేమిద్దరమే ఉన్నాం. సర్, ఆ మనిషికి ఒకప్పుడు ఇలా అయింది, ఆ పది నిమిషాలు ఆయనకి మందులాంటివి, సెక్షన్‌లో అందరికన్నా తక్కువ తప్పులు ఆయనవే, అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మేనేజరు రాక్షసుడేం కాదు, వినేవాడే. కానీ చెబితే, చూశావా, తనవాణ్ణి వెనకేసుకొస్తున్నాడు అనుకుంటాడేమోనని భయం. ఆ భయంతో, "జీ సర్" అన్నాను.

మెమో హిందీలో నేనే రాశాను. అందులో అసలు ముక్క, 'డ్యూటీ కే సమయ్ అకారణ్ బాహర్ ఘూమ్‌నా', డ్యూటీ వేళ బయట తిరగడం. మధ్యాహ్నం నాలుగింటికి కొంచెం ముందు ఆయన్ని నా బల్ల దగ్గరికి పిలిచి, "బాబూజీ, ఇస్ పర్ సైన్ కర్ దీజియే" అన్నాను. సెక్షన్ అంతా టైపు ఆపి చూస్తోంది.

ఆయనకి హిందీ నాకంటే బాగా వచ్చు. కాగితం పూర్తిగా చదివారు. చదివి నా ముందు పెట్టి, తెలుగులో అడిగారు.

"ఈ అకారణ్ అంటే ఏటి సార్?"

ఆయన నన్ను సార్ అనడం అదే మొదలు.

"కారణం లేకుండా అని," అన్నాను. 

"మీక్కూడా తెల్దా, కారణం?"

ఆ గదిలో తెలుగు వచ్చింది మా ఇద్దరికే. తెలుసు బాబాయ్ అని నేనంటే మూడో మనిషికి అర్థమయ్యేది కూడా కాదు. ఆ ఒక్క మాట అని ఉంటే, మెమో ఇచ్చినా సరే, మేము మనుషుల్లా మిగిలేవాళ్ళమేమో. నేను గోడ గడియారం వైపు చూసి, "సైన్ కీజియే బాబూజీ, సబ్ దేఖ్ రహే హై" అన్నాను. అందరూ చూస్తున్నారు, సంతకం పెట్టండి అని. ఆయన సంతకం పెట్టి, కలం మూత పెట్టి, వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నారు. నాలుగయింది. లేవలేదు.

ఆ తర్వాత ఎనిమిది నెలలు ఆయన లేవలేదు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం కూడా బల్ల దగ్గరే తినేవారు. కళ్ళజోడు పొద్దున్న పెట్టుకుంటే సాయంత్రం బస్సెక్కేదాకా ముక్కు మీదే. ఫోను మోగితే భుజాలు ఎగరేవి. బల్ల కింద కుడికాలు ఆడుతూ ఉండేది, ఆగేది కాదు. ఒక లారీ నంబరు రాసి, దాన్ని మళ్ళీ చూసి, మళ్ళీ చూసి, చివరికి ఆ కాగితం చింపి కొత్తది రాసేవారు. ఒకసారి ఒక ముసలి డ్రైవరు మీద ఎంత గట్టిగా అరిచారంటే కాటా దగ్గరివాళ్ళు కూడా పరిగెత్తుకొచ్చారు. అయిదు నిమిషాల తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి ఆ డ్రైవరు రెండు చేతులూ పట్టుకున్నారు. ఇవన్నీ నా బల్ల ముందే జరిగాయి. నేను చూడలేదని చెప్పుకోవడానికి లేదు.

ఒకరోజు మాత్రం లేచి ఆయన దగ్గరికి వెళ్ళాను. రిజిస్టరు చింపేస్తాను, మీరు వెళ్ళిరండి బాబాయ్ అని చెప్పాలని మూడు రోజులుగా అనుకుంటున్నాను. వెళ్ళి నిలబడ్డాను. ఆయన తలెత్తి చూశారు. మొహంలో కోపం లేదు, ఏదో చెబుతానని ఎదురుచూస్తున్నారు. అదే క్షణంలో పక్క బల్లవాడు కూడా తలెత్తాడు. "బాబూజీ, వో బిలాస్‌పూర్ వాలీ ఫైల్ దీజియే" అన్నాను. ఇచ్చారు. ఆ ఫైలుతో నాకు పనేం లేదు. సాయంత్రం దాకా నా బల్ల మీద పెట్టుకుని, తిరిగి పంపించాను.

ఒక ఆదివారం పొద్దున్న ఇంట్లో స్నానానికి నీళ్ళు తోడుకుంటూ కూలబడిపోయారు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. గుండె అన్నారు. బీపీ ఎప్పట్నుంచో ఉందట. బయటికి వెళ్ళడం మానినందుకే పోయారని నేననను, అలా తేల్చే చదువు నాకు లేదు. వెళ్ళనిచ్చి ఉంటే ఆ ఎనిమిది నెలలైనా ఆయన ఆయనలా బతికేవారు. దానికి ఏ డాక్టరూ చెప్పక్కర్లేదు.

దహనానికి ఆఫీసువాళ్ళతో పాటు వెళ్ళి, వెనక వరసలో నిలబడి వచ్చేశాను. పన్నెండో రోజు దాటాక ఒంటరిగా ఆ ఇంటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. మెమో సంగతి, రిజిస్టరు సంగతి, అన్నీ చెప్పి, తిడితే తిట్టించుకుని రావాలని దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను.

పిన్ని ముందు గదిలో చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. నేను వద్దని పక్కనే కూర్చున్నాను. పక్కింటావిడ టీ తెచ్చి ఇచ్చి వెళ్ళింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసు పట్టుకుని ఉంటే, పిన్నే మాట్లాడింది.

"నువ్వొస్తావని సూస్తన్నాను బాబూ. మీ బాబాయ్ నీ మాటే సెప్పీవోరు. నువ్వు ఇంచార్జివైన కాడినుంచి నాకు బెంగ నేదు. మనోడే గదా పైనున్నాడు, ఆపడు, అనుకునీదాన్ని."

నేను టీ ఒక గుక్క తాగాను.

"నీకు తెల్సో తెల్దో. ఆయనకి ఓపాలి బాగోనేదు. అప్పుడు ఒట్టేయించుకున్నాను. రోజూ సాయంత్రం గుమ్మంలో అడుగెట్టగానే, మంచినీల్లియ్యకుండానే అడిగీదాన్ని, ఇయ్యాల దిగేవా అని. దిగేను అనీవోరు. అప్పుడిచ్చీదాన్ని గ్లాసు. ఇన్నేళ్ళలో ఒక్కనాడు మాననేదు, నానడగడం, ఆయన సెప్పడం."

"ఆ చివరి శనివారం కూడానా?" అని అడిగాను. ఎందుకడిగానో తెలీదు.

"శనివారం కూడాను. దిగేను, ఇయ్యాల ఎండ బాగుంది అన్నారు."

ఎనిమిది నెలలు. నా మీద ఒక్క మాట పడకుండా, ఆవిడకి బెంగ కలగకుండా, ప్రతి సాయంత్రం గుమ్మంలో నిలబడి ఆయన ఆ మాట చెప్పారు. నేను నాలుగో గడిలో గీత గీసిన మనిషి ఇంటికెళ్ళి ఎండ ఎలా ఉందో కూడా కల్పించి చెప్పారు. అంత సిగ్గు నేను ముందెప్పుడూ పడలేదు, తర్వాతా పడలేదు.

పిన్ని నా మొహంలోకి చూసింది. కొంచెం ముందుకి జరిగింది.

"డాక్టరు అడిగేడు బాబూ, ఆఫీసులో టెన్షనేటైనా ఉందా అని. ఏటీ నేదన్నాను. రోజూ దిగతన్నారు గదా, టెన్షనెందుకుంటాది. అయినా మనసు ఊరుకోదు. నువ్వక్కడే ఉండీవోడివి. నువ్వు సెప్పు. రోజూ ఎల్లీవోరు గదా?"

చెప్పడానికే వచ్చాను. నోటిదాకా వచ్చింది. చెబితే, ఎనిమిది నెలలుగా మొగుడు తనకి అబద్ధం చెప్పాడని ఈవిడకి తెలుస్తుంది, ఉన్న ఆ ఒక్క ఊరటా పోతుంది, అందుకని చెప్పకపోవడమే ధర్మం, అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. అది నిజం కాదు. ఆవిడ నన్ను చూసే చూపు మారిపోతుందని భయపడ్డాను, అంతే.

"వెళ్ళేవారు పిన్నీ," అన్నాను. "రోజూ వెళ్ళేవారు. రెండుసార్లూ."

ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇన్ని రోజులకి ఇప్పుడు కడుపు సల్లబడింది అంది. నా చేతిలో గ్లాసు తీసి పక్కన పెట్టి, నా కుడిచెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకి అద్దుకుంది.

"నీ మేలు మరవను నాయనా," అంది.

నేను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.